సింగపూరు నదీతీరము

సింగపూరు అను పేరు వినగానే మన పెద్దలకు పూర్వము ఓడలెక్కి పోయిన బంధువులు జ్ఞప్తికి వచ్చెడివారు. నేటివారికి అచ్చట ఉద్యోగములు చేయుచున్న కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు, అల్లుండ్రు జ్ఞప్తికి వత్తురు. ఏటేట మన గ్రామములనుండి తలిదండ్రులు పిల్లలను చూచి రావలెనని ఆ ద్వీపమునకు పోవుచునే యున్నారు. పోయినవారిని పిల్లలు మొట్టమొదట కొనిపోవునది మెరీనా బే అను జలతీరమునకు. తిరిగివచ్చినవారు మూడు మేడల నెత్తిన ఓడ నిలిచియున్నదనియు, ఇనుపచెట్లు రాత్రివేళ వెలుగుచున్నవనియు, సింహముఖముగల చేప నీళ్ళు క్రక్కుచున్నదనియు అరుగులమీద కూర్చుండి చెప్పుదురు. అవి యన్నియు నిజమే. నేనును నా కుమారునియింట రెండు మాసములుండి, మనుమని చేయి పట్టుకొని, వాని నన్నిటిని చూచితిని. కాని చూచి వచ్చినవారు సాధారణముగా చెప్పని సంగతి యొకటి కలదు. ఆ మేడలు లేచుటకు పూర్వము అచ్చటి నదీజలము ముక్కు మూసికొనక దరిచేరరానిది. దానిని బాగుచేయుటకు పదియేండ్లు పట్టినది. నేడు నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆ పదియేండ్ల మాట. మేడల మాట తరువాత.

సింగపూరు భూమధ్యరేఖకు ఉత్తరముగా రమారమి ఒక డిగ్రీ దూరమున నున్న ద్వీపము. దాని వైశాల్యము 730 చదరపు కిలోమీటర్లకు కొంచెము మించును. అనగా మన పాత తాలూకా యొకదాని పాటి. ఇందులో కూడ చాల భాగము సముద్రమును పూడ్చి సంపాదించినదే. 1965లో అది స్వతంత్రరాజ్యమైన నాటికి వైశాల్యము 580 చదరపు కిలోమీటర్ల చిల్లర. పేరు సంస్కృతమే, సింహపురము. మన నెల్లూరికి విక్రమసింహపురి యను ప్రాచీననామము లేదా? అట్లే. అయితే ఆ ద్వీపమున సింహము లెన్నడును నివసింపలేదని జంతుశాస్త్రజ్ఞులు చెప్పుదురు. జంతువు లేకున్నను నామము నిలిచినది. మన సంస్కృతభాష యెంత దూరము నడచిపోయినదో యని నాబోటి పాతకాలపు పండితునకు అచ్చట అడుగడుగునను తోచును.

1819లో స్టాంఫర్డ్ రాఫిల్స్ అను ఆంగ్లేయోద్యోగి ఈస్టిండియా కంపెనీ పక్షమున అచ్చట రేవు నెలకొల్పెను. అప్పటినుండి నూటయేబది యేండ్లకు పైగా ఆ పట్టణమునకు ప్రాణనాడి సింగపూరు నది. నది యనగా మీరు గోదావరిని తలంపకుడు. దాని పొడవు మూడు కిలోమీటర్లకు కొంచెమెక్కువ. వెడల్పు చూచిన మన పంటకాలువ యనిపించును. పెద్ద యోడలు వెలుపల సముద్రమున లంగరు వేసికొని యుండ, చదునైన అడుగుగల సరకు పడవలు వానివద్దకు పోయి బియ్యము, మిరియములు, తగరము, రబ్బరు మున్నగు వస్తువులను దింపుకొని నదిలోనికి తెచ్చెడివి. కూలీలు సన్నని పలకమీద నడచుచు బస్తాలను భుజముల నెత్తుకొని గట్టుమీది గిడ్డంగులలో చేర్చెడివారు. ఆ పడవలను తొలినాళ్ళలో నడిపినవారిలో దక్షిణదేశమునుండి పోయిన చూలియాలు, అనగా తమిళ మహమ్మదీయులు, ముఖ్యులు. పిమ్మట ఆ వృత్తి చీనావారి చేతికి పోయెను. చీనావారు పడవ ముందుభాగమున రెండు పెద్ద కన్నులు చిత్రించెడివారు. పడవ తన దారి తాను చూచుకొనుటకట! మన పల్లెకారులు నావకు పసుపు కుంకుమ పూయుటను చూచినవారికి ఇది వింతగా తోచదు.

ఇట్లు ఐశ్వర్యము తెచ్చిన నదియే మురుగుకుండ యైనది. ఈ నదిలోనికిని, ప్రక్కనున్న కల్లాంగు నదిలోనికిని నీరు పాఱెడి ప్రదేశమున వేలకొలది గుడిసెలుండెను; వానికి మరుగుదొడ్లు లేవు. ఎగువను పందుల దొడ్లు, బాతుల దొడ్లు వందలకొలది యుండెను. వీధులలో వంటకము లమ్మువారు ఎంగిలియు కుడితియు ప్రక్క కాలువలోనే పాఱబోయుచుండిరి. పడవలు బాగుచేయు పందిళ్ళనుండి నూనె, రంగు, చెక్కపొట్టు నీటిలో పడుచుండెను. నది చిన్నది, సముద్రము దగ్గఱిది యగుటచే మఱియొక చిక్కు కలిగెను. పాటుమీద వెలుపలికి పోయిన మాలిన్యము పోటుమీద మరల లోపలికి వచ్చెడిది. పోయినదనుకొన్నది పోదు. చేప యనునది ఆ నీటిలో బ్రదుకలేదు.

1977వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన ఒక జలాశయప్రారంభ సందర్భమున అప్పటి ప్రధానమంత్రి లీ క్వాన్ యూ అధికారులకు గడువు పెట్టెను. పదియేండ్లలో ఈ నదులలో గాలము వేసి చేపలు పట్టుకొను స్థితి రావలెనని చెప్పెను. ఈ మాటలో నాకు నచ్చినది చేప. నీటిలో ఇంత మాలిన్యము తగ్గవలెనని అంకె చెప్పినచో అది అధికారులకు మాత్రమే తెలియును. చేప బ్రదుకవలెనని చెప్పినచో గట్టుమీది పిల్లవాడు కూడ పని జరిగినదో లేదో చెప్పగలడు.

పని ప్రారంభించినవారు నదివద్ద ప్రారంభింపలేదు, ఇది గమనింపదగినది. పూడిక తీసి, గట్లకు రాయి పేర్చి, దీపములు పెట్టియుండిన మఱు సంవత్సరమునకే మరల యథాప్రకార మగును. వారు ఎగువకు పోయి, ఏ మురికి ఏ వాకిటనుండి, ఏ కాలువగుండ వచ్చుచున్నదో వెదకిరి. వెదకి యొక్కొక్క నోటిని మూయుచు వచ్చిరి. 600కు పైబడిన పందుల దొడ్లను, సుమారు 500 బాతుల దొడ్లను అచ్చటినుండి తొలగించిరి. రమారమి 26,000 కుటుంబములను ప్రభుత్వము కట్టించిన అంతస్తుల యిండ్లకు మార్చిరి. 5,000కు దగ్గఱగా నున్న వీధి తినుబండారముల వర్తకులకు కప్పు, కొళాయి, మురుగుతూము గల అంగడిశాలలు చూపిరి. చిన్న కర్మశాలలను వేఱు పేటలకు పంపిరి. 1983లో సరకు పడవలు 800 వఱకు నదిని విడిచి పశ్చిమమున నున్న పాసిర్ పాంజాంగ్ అను రేవునకు పోయెను. ఇవి యన్నియు నైన పిమ్మట గదా నది యడుగున తరతరములుగా పేరుకొన్న నల్లని బురదను త్రవ్వి తీసిరి, గట్లు కట్టిరి, చెట్లు నాటిరి. 1987 సెప్టెంబరులో పని పూర్తియైనదని ఉత్సవము చేసిరి. చేపలు తిరిగివచ్చెను.

ఇచ్చట మన గ్రామములవారు చెవినిడదగిన యేర్పాటు ఒకటి కలదు. ఆ పట్టణమున వాననీటి కాలువ వేఱు, మురుగునీటి గొట్టము వేఱు. ఇంటి స్నానపుగది, వంటగది, మరుగుదొడ్డి నుండి వచ్చు నీరు భూమిలోని మూత గొట్టములగుండ శుద్ధిశాలకు పోవును; తెఱపి కాలువలో ఆ నీరు కలియుటకు వీలులేదు. కప్పులమీదను, వీధులమీదను పడిన వాననీరు మాత్రమే తెఱపి కాలువలగుండ నదికి పోవును. మన యూళ్ళలో రెండింటికి ఒకటే కాలువ. ఆ కాలువకు చివర చెఱువు. చెఱువుగట్టున సిమెంటు బల్లలు వేయించుటకు చందా లెత్తుట తేలిక. ఆ యొక్క కాలువను రెండు చేయుట కష్టము. బల్లలమీద శిలాఫలకము వేయవచ్చును గాని, భూమిలోని గొట్టముమీద దాత పేరు వ్రాయుటకు చోటుండదు.

ఇంత పనికి మూల్యము చెల్లించినవా రెవరు? నేనొక సాయంకాలము బోట్ కీ అను పాత పడవగట్టున బల్లమీద కూర్చుండియుండగా, ఇంచుమించు నా యీడుగల తమిళ వృద్ధుడొకడు వచ్చి ప్రక్కన కూర్చుండెను. తిరుపతి ప్రాంతమున చదువుకొన్నవాడను గనుక నాకు అరవము కొంత తెలియును. ఆయన తండ్రి ఆ గట్టుననే బస్తాలు మోసినవాడట. తాము కల్లాంగు దగ్గఱ రేకు గుడిసెలో నుండెడివారమనియు, వాన వచ్చిన మోకాలిలోతు మురికినీరు ఇంటిలోనికి వచ్చెడిదనియు చెప్పెను. “కొత్త యింట్లో కొళాయి తిప్పగానే నీళ్ళు వచ్చినవి. మా అమ్మ ఆ రోజంతా దానిని తిప్పుతూనే ఉండెను” అని నవ్వెను. కొంతసేపూరకుండి, “కాని అయ్యా, గుడిసెలలో మా చుట్టూ ఉన్నవారు తలొక పేటకు పోయినారు. మా నాన్నకు బస్తాల పని పోయినది. తర్వాత కావలివాడుగా చేరినాడు. సాయంత్రము ఇక్కడికి వచ్చి ఊరికే నిలబడి చూచేవాడు. చూచుటకు పడవలు లేవు” అనెను. నది బాగుపడినందుకు ఆయన సంతోషింపకపోలేదు. అడుగగా, మఱల గుడిసెకు పొమ్మన్న పోనని ఖండితముగా చెప్పెను. ఆ రెండు మాటలును నిజమని నేను గ్రహించితిని. పాత గిడ్డంగులు నేడు భోజనశాలలైనవి. 1989లో ఆ గట్టును సంరక్షిత ప్రదేశముగా ప్రకటించుటచే గోడలు, పెంకుటికప్పులు పూర్వపు రూపముననే యున్నవి. కప్పులను కాపాడవచ్చును గాని వాని క్రింద మనుష్యులు చేసిన పనిని కాపాడుట యెట్లు? నదీతీరమున కూలీలు, వర్తకులు, ఎద్దుబండి గల కంచువిగ్రహముల సమూహమొకటి నిలిపినారు. గట్టునుండి నదిలోనికి దుముకుచున్న బాలుర కంచుబొమ్మలు మఱియొకచోట నున్నవి. ఆ బొమ్మలయొద్ద మా మనుమడు తానును దుముకుదునని మారాము చేసెను.

ఇక నదీముఖము. 1970 ప్రాంతములనుండి ఆ పట్టణమువారు నదీముఖమునకు ఎదురుగా సముద్రమును పూడ్చుచు రాగా, రెండు భూభాగముల నడుమ ఒక మడుగు ఏర్పడెను. అదియే మెరీనా బే. నదులు పరిశుభ్రములైనవి గనుక ఈ మడుగునకు సముద్రమువైపు ఆనకట్ట కట్టినచో మంచినీటి చెఱువగును గదా యను తలంపు కలిగెను. ఆ ద్వీపమున ఏటికి రమారమి 2,400 మిల్లీమీటర్ల వాన కురియును. కాని నిలువ చేసికొనుటకు చోటు లేదు. త్రాగునీటికి పొరుగుననున్న మలేషియాలోని జోహోరు రాష్ట్రముతో 1962లో చేసికొన్న యొడంబడిక 2061 వఱకు మాత్రమే చెల్లును. అందుచే వారికి ప్రతి వానచినుకును లెక్కలోనిదే. 350 మీటర్ల వెడల్పుగల మెరీనా బరాజు 2008లో పూర్తియైనది. సముద్రమునుండి వేఱుపడిన మడుగులోని ఉప్పు, వాననీటిచే క్రమక్రమముగా కడుగబడి, 2010 నాటికి అది మంచినీటి జలాశయమైనది. ద్వీపములో ఆఱవవంతు భూమిమీద పడిన వాన, అనగా సుమారు 10,000 హెక్టారుల నీరు, ఇచ్చట చేఱును.

డెల్టావాసులకు దీని పనితీరు చెప్పిన వెంటనే బోధపడును. ధవళేశ్వరమున కాటను కట్టించిన ఆనకట్ట నదిని నిలిపి కాలువలకు మళ్ళించుటకు. ఇది సముద్రమును లోనికి రానీయకుండుటకు. వరుసగా తొమ్మిది ఉక్కు గేట్లున్నవి. కుండపోతగా వాన కురిసినపుడు సముద్రము పాటుమీద నున్నచో, గేట్లు దింపి మిగులునీటిని సముద్రములోనికి వదలుదురు. పోటుమీద నున్నచో గేట్లు దింపరాదు. దింపిన సముద్రమే లోపలికి వచ్చును. అప్పుడు ఏడు మహాయంత్రములు నీటిని తోడి ఆవలికి పోయును. ఏడును కలిసి సెకండునకు 280 ఘనపు మీటర్లు తోడునట. మన లెక్కలో రమారమి 10,000 క్యూసెక్కులు. ఒక పెద్ద కాలువ పూర్తిగా పాఱినంత! పూర్వము వానయు పోటును ఒకేసారి వచ్చినపుడు పట్టణములోని పల్లపు వీధులు మునిగెడివి. ఆ బాధ చాల వఱకు తగ్గినది. ఇవి యన్నియు చెప్పుచుండగా మనుమడు, “తాతయ్యా, మన ఇంట్లో కొళాయిలో వచ్చేవి ఈ నీళ్ళేనా?” అని యడిగెను. శుద్ధిచేసిన పిమ్మట ఇవియు అందులో కలియునని చెప్పితిని. వాడు చేతిలోని బిస్కెట్టు కాగితమును వెంటనే జేబులో దోపుకొనెను.

ఆ బరాజు యంత్రశాల కప్పుమీద పచ్చికబయలు పెంచినారు. సాయంకాలమున కుటుంబములు చాపలు పఱచుకొని కూర్చుండును. పిల్లలు గాలిపటము లెగురవేయుదురు. రుసుము లేదు. ఆ తీరమున నేను చూచిన వినోదస్థలములన్నింటిలో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

ఇతర వింతలను త్వరగా చెప్పెదను. సింహముఖముగల చేప యసలు పురాణములోనిది కాదు. 1964లో యాత్రికులను ఆకర్షించు శాఖవారు కల్పించుకొన్న చిహ్నము. మన వైష్ణవులు చూచినచో మత్స్యావతారమును నృసింహావతారమును ఏకముచేసినారని యనుకొందురు. 8.6 మీటర్ల యెత్తుగల విగ్రహమును 1972లో నదీముఖమున నిలిపిరి. తరువాత వంతెన యొకటి అడ్డము రాగా 2002లో దానిని కొంచెము దూరమునకు జరిపిరి. దాని సమీపమున కావెనా వంతెన కలదు. 1869 నాటి యినుప వ్రేలాడు వంతెన. ఎద్దులును గుఱ్ఱములును, రమారమి 150 కిలోలు మించిన బండ్లును పోరాదని తెలుపు పాత పలక నేటికిని దాని మొదట నున్నది. ఆ పట్టణమున ఇపుడు ఎద్దుబండి చూతమన్న కంచుబొమ్మలలోనే గాని కానరాదు. అయినను నిషేధము చెక్కుచెదరలేదు.

నీటికి ఒక ప్రక్క 2002లో తెఱచిన ఎస్ప్లనేడ్ సంగీతనాట్యశాల పనసపండువలె ముండ్లతో నుండును. అచ్చటివారు దురియన్ పండు అందురు. ఆ ముండ్లు వేలకొలది లోహపు రెక్కలు. ఎండను ఆపి వెలుతురును రానిచ్చుటకు అమర్చినవి. దాని కెదురుగా మూడు మేడల హోటలు. 2010లో తెఱవబడినది, మోషే సాఫ్డీ యను శిల్పి సంకల్పించినది. ఒక్కొక్క మేడ 55 అంతస్తులు. మూడింటిపై 340 మీటర్ల పొడవున ఓడవంటి తోట, అందులో ఈతకొలను. ప్రక్కనే తామరపూవువంటి ప్రదర్శనశాల; ఆ పూవు పదిరేకులమీద పడిన వాననీరు నడుమనుండి జలపాతమై క్రిందికి దిగి, సంగ్రహింపబడి వాడుకకు వచ్చును. శిల్పి యందము కొఱకు చేసిన పని నీటికిని ఉపయోగపడుట చూచి నేను సంతసించితిని. కాని ఆ హోటలు క్రింద జూదశాల యున్నది. స్వదేశీయులు అందు ప్రవేశింపవలెనన్న దినమునకు 150 డాలర్ల సుంకము 2019నుండి చెల్లింపవలెను. మనబోటి పరదేశీయులకు సుంకము లేదు. తమ ప్రజ చెడిపోరాదు, ఇతరుల ప్రజ చెడిన చెడనిమ్మని దీని భావము గాబోలు. ధర్మరాజు కథ తెలిసినవారము. ఆ గుమ్మము దాటనక్కఱలేదు.

165 మీటర్ల యెత్తుగల రాట్నము 2008లో తిరుగ నారంభించినది. అది మొదట తిరిగిన దిక్కు పట్టణపు లక్ష్మిని వెలుపలికి పంపుచున్నదని చీనా వాస్తువేత్తలు చెప్పగా, కోట్ల వ్యయముతో కట్టిన ఆ యంత్రమును ఆ సంవత్సరమే తిప్పు దిక్కు మార్చిరి. వాస్తు పేరిట వంటిల్లు మార్చువారిని చూచి ఇంగ్లీషు చదివిన మన పిల్లలు నవ్వుదురు గదా. ఈ సంగతి వారికి చెప్పుడు.

పూడ్చిన భూమిమీదనే 101 హెక్టారుల ఉద్యానము 2012లో తెఱచిరి. ఇనుపచెట్లు 18, పెద్దవి 50 మీటర్ల వఱకు నెత్తు. వాని బోదెలకు నిజమైన తీగలు, మొక్కలు ప్రాకించినారు. కొన్నిటి తలలమీద సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు పలకలున్నవి. కొన్ని పొగగొట్టములుగా పనిచేయును. ఉద్యానమున రెండు మహా గాజుమందిరములు గలవు. ఒకదానిలో శీతదేశపు పూలమొక్కలు, మఱియొకదానిలో కృత్రిమపర్వతము, 35 మీటర్ల జలపాతము. వానిని చల్లగా నుంచుటకు కావలసిన శక్తిలో కొంత పట్టణపు చెట్లను నఱికిన కొమ్మలు తగులబెట్టుటవలన వచ్చుచున్నది. పుల్లలు కాల్చి చలి పుట్టించుట! పిల్లలకు నీటితో ఆడుకొను తోట యొకటి వేఱుగా నున్నది. బట్టల జత యొకటి వెంట కొనిపోవుడు. లేకున్న మా మనుమనివలె తడిబట్టలతో రైలెక్కవలసి వచ్చును.

పోదలచిన పెద్దలకు రెండు మాటలు. అచ్చట ఏడాది పొడవునను ఉదయ మేడింటి ప్రాంతమున సూర్యుడుదయించి, సాయంకాల మేడింటి ప్రాంతముననే అస్తమించును. ఎండ మన వేసవివలె కాల్చదు గాని ఉక్కపోత విశేషము. వాన చెప్పక వచ్చును. కనుక గొడుగు వెంట నుంచుకొని అయిదు గంటలకు బయలుదేరుడు. జలాశయము చుట్టును నడచు బాట మూడున్నర కిలోమీటర్ల పొడవు. మెట్లు తక్కువ, కూర్చుండుటకు బల్లలు విస్తారము. గాజుమందిరములకు, రాట్నమునకు టిక్కెట్టు కలదు. ఇనుపచెట్ల వెలుగులు, మడుగుమీది దీపముల ప్రదర్శనము ఉచితము. పాత సరకు పడవల రూపమున నున్న నావలు క్లార్క్ కీ వద్దనుండి మడుగువఱకు యాత్రికులను త్రిప్పుచున్నవి. ప్రయాణము నలుబది నిమిషములు. మేడలు చూచుటకు మనుమలు ముందువరుసను కూర్చుందురు. మీరు వెనుకవరుసను అంచున కూర్చుండుడు; వంతెనల క్రింద పోవునపుడు గట్టులోని వాననీటి కాలువల నోళ్ళు అచ్చటినుండి చక్కగా కనబడును.